తెరిచిన పేజీని కాదు, తెరుచుకున్న పేజీని అడగండి

ఒక పేజీలో బటన్ నొక్కితే వేరే విండోలో ఇంకో పేజీ తెరుచుకోవాలి. అది రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్క కావాలి. ఈ పని ఏ వెబ్ డెవలపర్‌కి అప్పగించినా మొదట రాసే కోడ్ దాదాపు ఒకేలా ఉంటుంది. కొత్త విండోని తెరిచే విండో.ఓపెన్‌ని పిలిచే ముందు టైం ఒక వేరియబుల్‌లో పెట్టుకుంటారు. తర్వాత సెట్‌ఇంటర్వల్ అనే టైమర్ పెట్టి 50 మిల్లీసెకన్లకోసారి కొత్త విండోలోకి తొంగిచూస్తుంటారు: వచ్చిందా, వచ్చిందా, వచ్చిందా. వచ్చిందనిపించగానే మళ్లీ టైం చూసి, తీసివేత చేసి, ఆ అంకెను డాష్‌బోర్డ్‌కి పంపేస్తారు. చూడ్డానికి ఇందులో తప్పేమీ కనిపించదు. కోడ్ రివ్యూలో కూడా ఎవరూ ఆపరు.

నన్నడిగితే ఆ అంకె చెత్తబుట్టలో వేయాల్సిందే. కాస్త అటూ ఇటూగా ఉంటుందని కాదు, మనం కొలుస్తున్నామనుకున్నది ఒకటి, అది కొలిచేది ఇంకొకటి. వచ్చిన పేజీ తన సంగతి తనే చెప్పాలి. బటన్ ఎప్పుడు నొక్కారో దానికి మనం చెప్పి పంపాలి. ఇక అవతలి పేజీ మనది కాకపోతే, మనతో మాట్లాడకపోతే, అక్కడ ఎంతసేపు పట్టిందన్నది మనకు తెలియకపోవడమే న్యాయం. ఈ చివరి మాట దగ్గర చాలామంది నాతో గొడవ పడతారు. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ముందు ఆ తొంగిచూడ్డం సంగతి. కొత్త పేజీ కొత్త ట్యాబ్‌లో తెరుచుకుంటే, తెరిచిన పేజీ ఆ క్షణమే వెనక్కి వెళ్లిపోతుంది. వెనకబడ్డ ట్యాబ్‌లలో టైమర్లను సెకనుకి ఒక్కసారికి మించి నడవనివ్వకూడదన్న నియమం ఫైర్‌ఫాక్స్‌లో, క్రోమ్‌లో 2011 నుంచే ఉంది. 2017లో వచ్చిన క్రోమ్ 57 ఇంకా బిగించింది: వెనక ట్యాబ్ ప్రాసెసర్‌ని ఎంత వాడుకోవచ్చో కూడా బడ్జెట్ పెట్టింది. 2021లో క్రోమ్ 88 వచ్చాక, ఐదు నిమిషాలకు మించి దాక్కున్న పేజీ టైమర్లు నిమిషానికి ఒకసారే మేలుకునే పరిస్థితి కూడా వచ్చింది. బ్యాటరీ కోసం చేసిన పని అది, నాకేమీ అభ్యంతరం లేదు. కానీ 50 మిల్లీసెకన్లకోసారి చూస్తున్నాననుకుంటున్న మన కోడ్ నిజానికి సెకనుకోసారి కళ్లు తెరుస్తోంది. 1.1 సెకన్లలో వచ్చిన పేజీని రెండు సెకన్లని రాస్తుంది. గ్రాఫ్ గీసి చూస్తే ఒకటి, రెండు, మూడు సెకన్ల దగ్గర మెట్లు మెట్లుగా గుట్టలు కనిపిస్తాయి. అలాంటి గ్రాఫ్ చూసి సర్వర్ టీమ్‌ని పట్టుకుని రాత్రి పదింటిదాకా కాల్‌లో కూర్చోబెట్టినవాళ్లున్నారు.

కొత్త ట్యాబ్ కాకుండా చిన్న పాపప్ విండో అయితే ఏమిటంటారా? వెనక పేజీ కొంచెమైనా కనిపిస్తుంటే పర్వాలేదు. కానీ క్రోమ్ ఇప్పుడు పూర్తిగా కప్పేసిన విండోని కూడా కనబడని విండోగానే లెక్కేస్తుంది. అంటే పెద్ద మానిటర్ ఉన్నవాడికి ఒక అంకె, చిన్న ల్యాప్‌టాప్‌లో విండో మాగ్జిమైజ్ చేసుకున్నవాడికి ఇంకో అంకె. సర్వర్ అదే, నెట్ అదే, పేజీ అదే. మారింది స్క్రీన్ సైజు. ఇది తెలిసినవాళ్లు టైమర్‌ని పేజీ వెనక విడిగా నడిచే వెబ్ వర్కర్‌లోకి మార్చి, అక్కడ బ్రేకులు పడవు కాబట్టి గెలిచామనుకుంటారు. గెలిచింది ఒక్క రౌండే.

ఎందుకంటే తొంగిచూసి ఏం చూస్తారు? పేజీ ఎంతవరకు వచ్చిందో చెప్పే డాక్యుమెంట్ రెడీస్టేట్ "కంప్లీట్" అయిందా అని. విండో.ఓపెన్ పిలవగానే కొత్త విండోలో ముందు పుట్టేది మనమడిగిన పేజీ కాదు, ఒక ఖాళీ పేజీ, అబౌట్ బ్లాంక్. క్రోమ్‌లో ఆ ఖాళీ పేజీని అడిగితే పుట్టగానే "కంప్లీట్" అంటుంది. అందులో ఏమీ లేదు కాబట్టి నిజంగానే అంతా పూర్తయినట్టే. మన కోడ్ అది నమ్మేసి పన్నెండు మిల్లీసెకన్లలో పేజీ వచ్చేసిందని రాసుకుంటుంది. దీన్ని తప్పించడానికి అడ్రస్ మారిందా అని కూడా చూడ్డం మొదలుపెడతారు. ఆ తర్వాత అవతలి పేజీ వేరే డొమైన్‌కి వెళ్తే అడ్రస్ చదవబోగానే సెక్యూరిటీ ఎర్రర్ వస్తుంది, దాని చుట్టూ ట్రై క్యాచ్ కడతారు. నాలుగు నెలలయ్యాక ఆ ఫైల్ తెరిస్తే ఏ లైన్ ఏ బ్రౌజర్ కోసం రాశారో రాసినవాళ్లకే గుర్తుండదు.

ఇంతకన్నా ముఖ్యమైన చిక్కు ఇంకొకటి ఉంది, దాని గురించి మాట్లాడేవాళ్లు తక్కువ. ఒకే ఒరిజిన్‌కి, అంటే ఒకే సైట్ అడ్రస్‌కి, చెందిన రెండు విండోలు, ఒకటి తెరిస్తే రెండోది పుట్టినవి, మామూలుగా ఒకే మెయిన్ థ్రెడ్ మీద నడుస్తాయి. అవి ఒకదాన్నొకటి నేరుగా పట్టుకుని మాట్లాడగలవు కాబట్టి బ్రౌజర్‌కి వేరే దారి లేదు. కంటికి రెండు విండోలు, లోపల మాత్రం పని చేసే చెయ్యి ఒకటే. తెరిచిన పేజీ ఏదైనా బరువైన పనిలో పడితే కొత్త పేజీ స్క్రిప్ట్ అంతసేపూ ఆగాలి. కొత్త పేజీ విండో.ప్రింట్ పిలిచి ప్రింట్ డైలాగ్ తెరిస్తే క్రోమ్‌లో వెనక పేజీ కూడా బిగుసుకుపోతుంది. పాత బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ వాడిన ప్రతివాళ్లకీ ఇది అనుభవమే, కారణం మాత్రం ప్రింటర్ మీదకి తోసేస్తారు.

ఒక డయాగ్నొస్టిక్ సెంటర్ బిల్లింగ్ పేజీ నా చేతికి వచ్చినప్పుడు ఇదంతా దగ్గర్నుంచి చూశాను. బిల్లు సేవ్ చేస్తే రసీదు కొత్త విండోలో తెరుచుకుని ప్రింట్‌కి వెళ్లాలి. అంతకుముందు పనిచేసిన టీమ్ పెట్టిన డాష్‌బోర్డ్ ప్రకారం రసీదు పేజీ సెకనులోపే వస్తోంది. కౌంటర్‌లో కూర్చునే అమ్మాయి మాత్రం, "సార్, బిల్లు కొట్టాక పేషెంట్లు నా మొహం చూస్తుంటారు, నేను స్క్రీన్ మొహం చూస్తుంటాను" అంది. మేనేజర్‌కి డాష్‌బోర్డ్ మీద నమ్మకం, అమ్మాయి మాట మీద లేదు. నేను కౌంటర్ వెనక నిలబడి ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీశాను. సెకనుకి 240 ఫ్రేములు తీసే ఫోన్ అయితే ఒక్కో ఫ్రేము నాలుగు మిల్లీసెకన్ల పైచిలుకు. మౌస్ మీద వేలు దిగిన ఫ్రేము నుంచి రసీదు మీద పేరు కనబడిన ఫ్రేము వరకు లెక్కపెట్టుకుంటే చాలు. ఇంతకన్నా నిజాయితీ ఉన్న సాధనం నాకింకా దొరకలేదు. బ్రౌజర్ లోపలి గొడవలేవీ దానికి పట్టవు.

అమ్మాయి చెప్పిందే నిజం. నొక్కిన దగ్గర్నుంచి రసీదు కనబడేదాకా దాదాపు నాలుగు సెకన్లు. డాష్‌బోర్డ్ కూడా అబద్ధం చెప్పలేదు, కొత్త పేజీ తన గడియారం మొదలైన దగ్గర్నుంచి సెకనులోపే వస్తోంది. మిగతా మూడు సెకన్లు ఎక్కడ పోయాయి? బటన్ నొక్కగానే పేజీ ముందు బిల్లును సర్వర్‌కి పంపి, బిల్లు నంబర్ వచ్చేదాకా ఆగి, అప్పుడు విండో.ఓపెన్ పిలుస్తోంది. పిలిచాక ఆ రోజు బిల్లులన్నీ ఉన్న పెద్ద పట్టికను మొత్తం చెరిపి మళ్లీ గీస్తోంది. అదంతా కొత్త పేజీకి కూడా కావాల్సిన అదే థ్రెడ్ మీద. సాయంత్రం ఐదయ్యేసరికి పట్టిక వందల వరుసలకి చేరుతుంది, అందుకే పొద్దున బాగుండే కౌంటర్ సాయంత్రానికి మొరాయిస్తోంది.

మెహదీపట్నం నుంచి సికింద్రాబాద్‌కి ఎంతసేపు పడుతుందని కండక్టర్‌ని అడిగితే బస్సు కదిలిన దగ్గర్నుంచి లెక్క చెప్తాడు. స్టాప్‌లో నిలబడ్డవాడు అడుగుతున్నది అది కాదు.

ఇప్పుడు అందరూ వాడే కొలతలు ఈ కండక్టర్ లెక్కలే. వెబ్ ప్రమాణాలు రాసే సంస్థ డబ్ల్యూత్రీసీ 2012 డిసెంబర్‌లో నావిగేషన్ టైమింగ్‌ను ప్రమాణంగా ప్రకటించింది. సైట్ ఎక్కడుందో వెతికే డీఎన్ఎస్‌కి ఎంత, కనెక్షన్‌కి ఎంత, సర్వర్ మొదటి బైట్‌కి ఎంత అని పేజీ తన పుట్టుక గురించి తనే చెప్పుకోగలదు. గొప్ప మేలు, కాదనను. కానీ ఆ లెక్క నావిగేషన్ మొదలైన క్షణం నుంచే. దానికి ముందు పాత పేజీలో ఎంతసేపు తాత్సారం జరిగిందో దానికి తెలియదు. పేజీలకు మార్కులు వేసే గూగుల్ కోర్ వెబ్ వైటల్స్‌లో ఎల్‌సీపీ, అంటే పేజీలో అన్నిటికన్నా పెద్ద భాగం కనబడే సమయం, కూడా అంతే, అక్కడి నుంచే మొదలై 2.5 సెకన్లలోపు అయితే మంచి మార్కు వేస్తుంది. నొక్కితే పేజీ ఎంత త్వరగా స్పందిస్తుందో చూసే ఐఎన్‌పీ 2024 మార్చిలో చేరింది, అది క్లిక్‌ను పట్టుకుంటుంది కదా అంటారు. పట్టుకుంటుంది, కానీ క్లిక్ తర్వాత అదే పేజీలో తర్వాతి ఫ్రేము గీసేదాకే. బటన్ మీద గిరగిర తిరిగే చక్రం ఒకటి గీసేస్తే ఐఎన్‌పీకి అక్కడితో పని అయిపోయింది. అంటే ఒక కొలత తలుపు దాకా వచ్చి ఆగిపోతుంది, ఇంకోటి తలుపు అవతల మొదలవుతుంది. రెండూ పచ్చగా ఉంటాయి. మధ్యలో మూడు సెకన్లు ఎవరి ఖాతాలోనూ పడవు. కౌంటర్ అమ్మాయి ఉన్నది సరిగ్గా ఆ మధ్యలోనే.

విచిత్రమేమిటంటే ఈ ప్రమాణాలేవీ రాకముందు జనం వాడిన పద్ధతి ఇంతకన్నా నయం. యాహూ 2010లో బయటపెట్టిన బూమరాంగ్ అనే స్క్రిప్ట్ పేజీ వదిలేముందు కుకీలో టైం రాసేది, తర్వాత వచ్చే పేజీ ఆ కుకీ చదివి తేడా కట్టేది. మొరటు పద్ధతే. కానీ అందులో ఉన్న ఆలోచన సరైనది: వెళ్తున్న పేజీ తన టైంని వచ్చే పేజీకి అప్పగించాలి, లెక్క వచ్చే పేజీ చెయ్యాలి. ప్రమాణం వచ్చాక ఆ కుకీని తీసి పారేశాం, దాంతోపాటు ఆ ఆలోచనను కూడా.

మరి ఇప్పుడెలా చెయ్యాలి? క్లిక్ ఈవెంట్ దగ్గర టైంస్టాంప్ అని ఒకటి ఉంటుంది. మన ఫంక్షన్ ఎప్పుడు నడిచిందన్నది కాదు, క్లిక్ ఎప్పుడు జరిగిందన్నది అది చెప్తుంది. మెయిన్ థ్రెడ్ బిజీగా ఉండి మన ఫంక్షన్ అర సెకను ఆలస్యంగా నడిచినా ఆ అర సెకను లెక్కలోకి వస్తుంది. దాన్ని వాడకుండా ఫంక్షన్ మొదటి లైన్‌లో టైం తీసుకునేవాళ్లు ఆ అర సెకనును మొదట్లోనే మాఫీ చేసేస్తున్నారు.

ఇక గడియారాల సంగతి. డేట్.నౌ ఇచ్చేది గోడ గడియారం టైం. ఆపరేటింగ్ సిస్టమ్ ఇంటర్నెట్ చూసి సరిదిద్దుకున్నప్పుడల్లా అది ముందుకో వెనక్కో గెంతుతుంది. పూర్వం విండోస్ మీద దాని అడుగు కూడా పెద్దదే, 15.6 మిల్లీసెకన్లకోసారి కదిలేది. పెర్ఫార్మెన్స్.నౌ వెనక్కి వెళ్లదు, కానీ ప్రతి విండోకీ దాని సున్నా వేరు. తెరిచిన పేజీలో ఇప్పుడు టైం ఎంతని అడిగితే పొద్దున తొమ్మిదింటికి పేజీ తెరిచిన దగ్గర్నుంచి లెక్కపెట్టి ఏ రెండు కోట్ల మిల్లీసెకన్లనో చెప్తుంది. కొత్త పేజీ అదే క్షణంలో ఎనిమిది వందలంటుంది. ఒకదాంట్లోంచి ఒకటి తీసేస్తే వచ్చేదానికి అర్థం లేదు. రెండింటికీ వాటి వాటి టైంఆరిజిన్, అంటే ఆ సున్నా పడిన అసలు టైం, కలిపితే అప్పుడు ఒకే గీత మీదకి వస్తాయి. అక్కడ కూడా ఒక మెలిక ఉంది. ల్యాప్‌టాప్ మూత మూసి నిద్రపుచ్చితే పెర్ఫార్మెన్స్.నౌ గడియారం కూడా నిద్రపోవడం కొన్ని బ్రౌజర్లలో ఉంది. మధ్యాహ్నం భోజనానికి మూత వేసి వెళ్లినవాళ్ల పేజీ ఆ ముప్పావుగంట వెనకబడే ఉంటుంది. అందుకే వచ్చే అంకెల్లో మైనస్‌లో ఉన్నవీ, అరగంట దాటినవీ ముందే ఏరి పక్కన పెట్టాలి. వాటిని సగటులో కలిపితే మొత్తం పాడవుతుంది. అసలు సగటే వద్దు, 75వ పర్సంటైల్ చూడండి, అంటే నూటికి డెబ్బై అయిదుసార్లు పేజీ అంతలోపే వచ్చిన అంకె. అదింకో వ్యాసం.

రెండు పేజీలూ మనవే అయి, ఒకదానికొకటి అందుబాటులో ఉంటే అన్నిటికన్నా శుభ్రమైన దారి వేరే ఉంది. కొత్త పేజీ తను సిద్ధమైన క్షణంలో ఓపెనర్‌ని, అంటే తనని తెరిచిన పేజీని, పట్టుకుని, దాని పెర్ఫార్మెన్స్.నౌని తనే పిలుస్తుంది. క్లిక్ టైంస్టాంప్ ఏ గడియారంలో నమోదైందో అదే గడియారాన్ని వచ్చిన పేజీ చదువుతోంది. కలపడాలు, సర్దుబాట్లు అక్కర్లేదు. వెనక ట్యాబ్‌కి బ్రేకులు పడినా ఇబ్బంది లేదు, ఆ బ్రేకులు టైమర్లకే గానీ ఫంక్షన్ పిలిస్తే కాదు.

ఇంత చక్కని పద్ధతి చెప్పి నేను దాన్ని వాడనంటే ఆశ్చర్యపోవద్దు. అది పనిచెయ్యాలంటే రెండు పేజీల మధ్య ఓపెనర్ బంధం ఉండాలి. ఆ బంధం ఉంటే ఒకే థ్రెడ్. కొలవడం కోసం పేజీని నెమ్మదిగా ఉంచడం నాకు మింగుడుపడదు. రసీదు విండోని నోఓపెనర్‌తో, అంటే ఆ బంధం లేకుండా, తెరిస్తే దానికి తన థ్రెడ్ తనకి దక్కే వీలుంటుంది, పట్టిక గీసే పని దాన్ని ఆపదు, ప్రింట్ డైలాగ్ వెనక పేజీని బిగించదు. ఇందుకు మూల్యం ఏమిటంటే విండో.ఓపెన్ మనకు నల్, అంటే ఖాళీ జవాబు, ఇస్తుంది, కొత్త విండో మీద మనకు ఏ పట్టూ ఉండదు. పేజీ ఆ ట్యాబ్ వరకు దాచుకునే సెషన్ స్టోరేజ్ కూడా కొత్త విండోలోకి కాపీ అవ్వదు. అయినా నాకు ఇదే నచ్చింది. క్లిక్ టైంని టైంఆరిజిన్‌తో కలిపి, అడ్రస్ చివర హ్యాష్ గుర్తు (#) తర్వాత అతికించి పంపిస్తాను. ప్రశ్నార్థకం తర్వాత పెడితే అది సర్వర్‌కి వెళ్తుంది, ప్రతి క్లిక్‌కీ అడ్రస్ మారిపోయి క్యాష్, అంటే బ్రౌజర్ ముందే దాచుకున్న కాపీ, కూడా తగలదు, అంటే కొలత వల్లే పేజీ నెమ్మదిస్తుంది. హ్యాష్ తర్వాత ఉన్నది బ్రౌజర్ దాటి వెళ్లదు.

చదివిన వెంటనే హిస్టరీ.రీప్లేస్‌స్టేట్‌తో దాన్ని అడ్రస్‌లోంచి తుడిచెయ్యాలి. లేకపోతే ఎవరో అరగంట తర్వాత రీఫ్రెష్ కొడతారు, రసీదు రావడానికి అరగంట పట్టిందని రిపోర్ట్ వెళ్తుంది. వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకొచ్చినప్పుడు కూడా జాగ్రత్త. బ్రౌజర్ పేజీని అలాగే భద్రపరిచి తిరిగి చూపించే పద్ధతి ఫైర్‌ఫాక్స్‌లో 2005 నుంచి ఉంది, డెస్క్‌టాప్ క్రోమ్‌లోకి 2021 చివర్లో వచ్చింది. అలా తిరిగొచ్చిన పేజీకి, పేజీ వచ్చేసిందని చెప్పే లోడ్ ఈవెంట్ మళ్లీ రాదు, పేజ్‌షో మాత్రమే వస్తుంది, పెర్సిస్టెడ్ అన్న జెండాతో. ఇంకా, పేజీని వదిలేటప్పుడు రావాల్సిన అన్‌లోడ్ ఈవెంట్ మీద ఆధారపడ్డ కోడ్ ఉంటే తీసెయ్యండి. ఫోన్లలో అది చాలాసార్లు రాదు, పైగా అది ఉన్నందుకే డెస్క్‌టాప్ క్రోమ్, ఫైర్‌ఫాక్స్ పేజీని భద్రపరచడానికి నిరాకరిస్తాయి. వదిలివెళ్లేటప్పుడు చెప్పాల్సింది ఏదైనా ఉంటే పేజీ విజిబిలిటీ మారినప్పుడు, పేజీ మూసుకుపోతున్నా కబురు చేర్చే సెండ్‌బీకన్‌తో పంపితే చాలు.

పేజీ "వచ్చింది" అని ఎప్పుడనాలి అన్నది ఇంకో తగువు. లోడ్ ఈవెంట్ రాగానే అయిపోయిందనుకుంటే ఇల్లలకగానే పండగైపోయిందన్నట్టే. ఇప్పటి పేజీల్లో ఆ ఈవెంట్ వచ్చేసరికి ఉండేది ఖాళీ చట్రమే, అసలు సరుకు తర్వాత వచ్చి పడుతుంది. రసీదు విషయంలో నాకు ముగింపు ఒకటే: పేషెంట్ పేరు, మొత్తం సొమ్ము స్క్రీన్ మీద గీయడం అయిపోయిన క్షణం. అది పేజీకి తప్ప ఎవరికీ తెలియదు. అందుకే పేజీనే అడగమనేది. లోడ్ ఈవెంటే కావాలని పట్టుబట్టేవాళ్లకి ఒక్క మాట: లోడ్ హ్యాండ్లర్ లోపల ఉండి లోడ్‌ఈవెంట్‌ఎండ్ ఎంతని అడిగితే సున్నా అంటుంది. ఆ ఈవెంట్ ఇంకా ముగియలేదు కదా మరి. ఆ సున్నాలోంచి ఆరంభ సమయాన్ని తీసేసి భారీ మైనస్ అంకెలు చూసి తల పట్టుకోవడం ఈ వృత్తిలో ప్రవేశ రుసుము లాంటిది.

ఆ బిల్లింగ్ పేజీలో చివరికి చేసింది కూడా పెద్ద విద్య కాదు. బిల్లు నంబర్ వచ్చేదాకా ఆగి విండో తెరిస్తే ఇంకో ప్రమాదం కూడా ఉంది: వేలు పడిన తర్వాత కొంత సమయం వరకే బ్రౌజర్ పాపప్‌ని అనుమతిస్తుంది. క్రోమ్‌లో ఆ గడువు సుమారు ఐదు సెకన్లు. నెట్ మందగించిన రోజు గడువు దాటిపోతుంది, పాపప్ బ్లాకర్ అడ్డుకుంటుంది, కౌంటర్‌లో "రసీదు రావట్లేదు" అని కేకలు మొదలవుతాయి. అందుకని నొక్కిన వెంటనే రసీదు పేజీనే తెరిచేసి, నంబర్ కోసం ఆగే పని దానికే అప్పగించాం. పట్టిక మొత్తం గీయకుండా కొత్త వరుస ఒక్కటే చేరుస్తున్నాం. ఇవన్నీ తట్టింది మూడు సెకన్లు ఏ గదిలో పోతున్నాయో కనబడ్డాక. పాత డాష్‌బోర్డ్‌నే నమ్ముకుని ఉంటే ఇంకో సర్వర్ కొనేవాళ్లు.

ఇప్పుడు ఆ గొడవ పడే విషయం. అవతలి పేజీ మనది కానప్పుడు.

మన దేశంలో ఈ అవసరం మిగతావాళ్లకన్నా ఎక్కువ. కార్డుతో ఆన్‌లైన్‌లో చెల్లించాలంటే రెండో ధ్రువీకరణ తప్పనిసరి అని రిజర్వ్ బ్యాంక్ 2009 ఆగస్టు నుంచి నియమం పెట్టింది. దాంతో కార్డు చెల్లింపుల్లో మన పేజీ, పేమెంట్ గేట్‌వే, బ్యాంకు పేజీ, ఓటీపీ, మళ్లీ గేట్‌వే, మళ్లీ మనం. "బ్యాక్ నొక్కకండి, రీఫ్రెష్ చెయ్యకండి" అన్న ఎర్ర అక్షరాలు చూసి టెన్షన్ పడని మనిషి లేడు. కస్టమర్ సగంలో వెళ్లిపోతే వ్యాపారి అడిగేది సహజంగానే, "బ్యాంకు పేజీ ఎంతసేపట్లో వచ్చింది? ఆలస్యం మనదా, వాళ్లదా?" అని. దానికోసం చేసే ట్రిక్కులు నెట్‌లో దొరుకుతాయి. కొత్త విండో అడ్రస్ చదువుతూ ఉండు, ఎర్రర్ ఎప్పుడు మొదలైతే అప్పుడు బ్యాంకు పేజీ వచ్చినట్టు. లోపల ఎన్ని ఫ్రేములు, అంటే పేజీలో ఇమిడిన చిన్న పేజీలు, ఉన్నాయో చూడు, అది వేరే డొమైన్ అయినా తెలుస్తుంది. విండో మూసేశారా అని క్లోజ్డ్ ప్రాపర్టీ చూస్తూ ఉండు.

ఈ దారులు ఒక్కొక్కటీ ఎందుకు మూసుకుపోతున్నాయో తెలియాలంటే పాతికేళ్లు వెనక్కి వెళ్లాలి. 2000లో ప్రిన్స్‌టన్‌లో ఎడ్వర్డ్ ఫెల్టెన్, మైకేల్ ష్నైడర్ ఒక సంగతి చూపించారు. ఒక సైట్ నుంచి ఏదైనా ఫైల్ రావడానికి ఎంతసేపు పట్టిందో కొలిస్తే చాలు, ఆ మనిషి ఆ సైట్‌కి ఇంతకుముందు వెళ్లాడో లేదో చెప్పొచ్చు, వెళ్లి ఉంటే క్యాష్‌లో ఉంటుంది కాబట్టి. 2007లో స్టాన్‌ఫర్డ్‌లో ఆండ్రూ బోర్ట్జ్, డాన్ బోనే బృందం ఇంకో అడుగు వేసి, వేరే సైట్ జవాబిచ్చే సమయాన్ని బట్టి మనిషి షాపింగ్ కార్ట్‌లో ఎన్ని వస్తువులున్నాయో కూడా అంచనా వెయ్యొచ్చని చూపించారు. 2018 జనవరిలో ప్రాసెసర్లలో స్పెక్టర్ అనే లోపం బయటపడింది. చిన్న చిన్న టైం తేడాలను కొలిచి మెమరీలో ఉన్నదాన్నే లాగొచ్చని తేలడంతో బ్రౌజర్లన్నీ హడావుడిగా పెర్ఫార్మెన్స్.నౌ పదును తగ్గించాయి. క్రోమ్ 100 మైక్రోసెకన్లకి మొద్దుబార్చింది, ఫైర్‌ఫాక్స్, సఫారీ మిల్లీసెకను దాకా వెళ్లాయి. అప్పుడు చాలామంది డెవలపర్లు మొత్తుకున్నారు. నాకు ఆ బాధ అర్థం కాలేదు. సెకనులో పదో వంతులోపు జరిగితే మనిషికి వెంటనే జరిగినట్టు అనిపిస్తుందని జేకబ్ నీల్సన్ 1993లోనే రాశాడు. రసీదు కోసం చూసే మనిషి లెక్కలో మిల్లీసెకను పోతే పోయేదేమీ లేదు.

అంటే వేరే విండోలో పేజీ ఎంతసేపట్లో వచ్చిందన్న సమాచారం అమాయకమైనది కాదు. నా మంచి సైట్ దాన్ని కొలవగలిగితే దొంగ సైట్ కూడా కొలవగలదు. నా బ్యాంకు పేజీ త్వరగా వచ్చిందా ఆలస్యంగా వచ్చిందా అన్నదాన్ని బట్టి నేను అక్కడ లాగిన్ అయి ఉన్నానో లేదో ఎవడో తెలుసుకోవడం నాకు ఇష్టం లేదు. అందుకే 2020 నుంచి క్రాస్ ఒరిజిన్ ఓపెనర్ పాలసీ అని ఒక హెడర్, అంటే పేజీతోపాటు సర్వర్ పంపే సూచన, వచ్చింది. బ్యాంకు దాన్ని పెట్టుకుంటే మన పేజీకీ ఆ విండోకీ మధ్య దారం తెగిపోతుంది. తెగిపోయాక క్లోజ్డ్ అని అడిగితే "అవును" అంటుంది, ఆ విండో కస్టమర్ కళ్ల ముందు తెరుచుకునే ఉన్నా సరే.

దీని ఫలితం ఏమిటో ఆలోచించండి. క్లోజ్డ్ చూస్తూ కూర్చున్న కోడ్ "కస్టమర్ విండో మూసేశాడు, చెల్లింపు రద్దు" అని తేల్చేస్తుంది. అదే సమయంలో ఆ మనిషి బ్యాంకు పేజీలో ఓటీపీ కొడుతున్నాడు. డబ్బు ఖాతాలోంచి పోతుంది, ఇక్కడ ఆర్డర్ రద్దయి ఉంటుంది. ఆ తర్వాత వారం రోజులు కస్టమర్ కేర్ చుట్టూ తిరగాల్సింది అతనే. చెల్లింపు జరిగిందో లేదో సర్వర్ నుంచి సర్వర్‌కి వచ్చే కబురును బట్టి తేల్చాలి. ఆ పనిని విండోల మధ్య తొంగిచూసే కోడ్‌కి అప్పగించడం నా దృష్టిలో నిర్లక్ష్యం కాదు, అంతకన్నా ఎక్కువే.

దీనికి ఎదురువాదం ఉంది, బలమైనదే. వ్యాపారికి తన అమ్మకాలు ఎక్కడ జారిపోతున్నాయో తెలుసుకునే హక్కు లేదా? ఉంది. కానీ అతని దగ్గర నమ్మదగ్గ రెండు గుర్తులు ఎలాగూ ఉన్నాయి: మనిషి తన పేజీ వదిలిన క్షణం, తిరిగొచ్చిన క్షణం. రెండూ అతని సర్వర్ దగ్గరే నమోదవుతాయి, ఏ బ్రౌజర్ హెడర్ వాటిని చెరపలేదు. మధ్యలో జరిగింది కావాలంటే గేట్‌వేతో ఒప్పందంలోనే అడగాలి, వాళ్ల పేజీ వాళ్ల టైం చెప్పేలా. పెద్ద వ్యాపారులు అడిగితే ఇస్తారు. చిన్నవాళ్లకి ఇవ్వరు, అది నిజమే, కానీ దానికి మందు కస్టమర్ బ్రౌజర్‌లో దొంగచూపులు చూడ్డం కాదు.

ఇలాంటి రిపోర్ట్ నేను తయారుచేసినప్పుడు సొంత విండోల లెక్కలు ఒక పట్టికలో పెడతాను, క్లిక్ నుంచి కనబడేదాకా. చెల్లింపు కోసం బయటికి వెళ్లి వచ్చిన సమయాన్ని వేరే పట్టికలో, "బయట గడిపిన సమయం" అన్న పేరుతో పెడతాను. అందులో బ్యాంకు సర్వర్ ఆలస్యం ఉంటుంది, ఎస్సెమ్మెస్ ఆలస్యం ఉంటుంది, ఫోన్ పక్కగదిలో ఛార్జింగ్‌లో ఉంటే లేచి వెళ్లి తెచ్చుకున్న సమయమూ ఉంటుంది. ఇందులో బ్యాంకు వాటా ఎంతో విడదీసి ఇమ్మని క్లయింట్లు అడుగుతూనే ఉంటారు. ఆ గడి నేను ఖాళీగానే వదిలేస్తాను.